మరల చేపట్టిన కుంచె

బాల్యమున బొగ్గుముక్కతో గోడపై బొమ్మ గీయనివారు అరుదు. పలకపై ఏనుగును, ఇసుకలో కోటను, వాకిట ముగ్గును తీర్చిన చేతులే అందరివియు. మూడవ తరగతి బాలుని గుర్రమును గీయుమన్నచో వెంటనే గీయును. ఆ గుర్రమునకు అయిదు కాళ్లు వచ్చినను వానికి చింత లేదు. ఆ బాలుడే ఎనిమిదవ తరగతికి వచ్చునప్పటికి, తనకు బొమ్మలు రావని పలికి కాగితమును ప్రక్కకు నెట్టును. ఈ అయిదేండ్లలో వాని చేతికి కలిగిన లోపమేమి? ఏ లోపమును లేదు. పెరిగినది కన్ను. అది చేతికంటె వేగముగా ఎదిగినది. గుర్రమెట్లుండునో కన్నెరుగును, చేయి దానినింకను అందుకొనలేదు. ఈ యెడమును చూచి సిగ్గుపడి పెక్కురు కుంచెను విడిచిపెట్టుదురు.

విడిచిన కుంచెను నలువదేండ్లకో అరువదేండ్లకో మరల చేపట్టువారును కలరు. అట్టివారికి ఎదురగు కష్టమేమి? కలుగు లాభమేమి? అందుకు నీటిరంగులు ఏల అనుకూలములు? ఈ సంగతులను పెద్దలకంటె బాలబాలికలే ముందుగా తెలిసికొనవలెను. ఏలయన, కుంచెను జారవిడుచు వయస్సు వారిదే.

ఇందుకు మన ప్రాంతమునకు వచ్చి వెళ్లిన ఒక మహనీయుని చరిత్ర నిదర్శనము. 1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరు, ఆ కాలమున చిత్తూరు జిల్లాలోనుండిన మదనపల్లెకు విచ్చేసి, దివ్యజ్ఞాన సమాజమువారి కళాశాలలో అతిథిగా నుండెను. కళాశాలాధ్యక్షుడు జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశీయుడు, కవి, భారతీయ చిత్రకళను మిక్కిలి మెచ్చినవాడు. 'జనగణమన' గీతమునకు ఠాకూరు ఆంగ్లానువాదమును వ్రాసినది అచ్చటనే, ఆ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన. నాటికాయన వయస్సు 57 ఏండ్లు. కవియనియు, నోబెల్ బహుమతి పొందినవాడనియు ఆయనను లోకమెరుగును. చిత్రకారుడని ఎవ్వరును ఎరుగరు.

ఆయనకు చిత్రలేఖనముపై ఆసక్తి లేకపోలేదు. యౌవనమున చిత్రపుపుస్తకమును ముందుంచుకొని మధ్యాహ్నవేళల గీతలు గీసెడివాడు. 1900వ సంవత్సరమున తన మిత్రుడు, విజ్ఞానవేత్తయగు జగదీశచంద్ర బోసునకు వ్రాసిన లేఖలో, తాను బొమ్మలు గీయుచున్న సంగతి తెలిపి, తన చేతిలో పెన్సిలుకంటె దానిని చెరపు రబ్బరునకే పని యెక్కువగా నున్నదని హాస్యమాడెను. పిమ్మట ఆ పని మూలపడెను. ఆయన కుటుంబములోనే అవనీంద్రనాథుడు, గగనేంద్రనాథుడు ప్రసిద్ధ చిత్రకారులై పేరు గాంచిరి. వారి నడుమ తాను కుంచె పట్టుట ఆయనకు తగనిపనిగా తోచియుండినను ఆశ్చర్యము లేదు.

1924వ సంవత్సరమున ఠాకూరు దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా దేశమున అస్వస్థుడై కొంతకాలము విశ్రాంతి తీసికొనెను. అప్పుడు 'పూరవి' యను కావ్యమును వ్రాయుచు, వ్రాతప్రతిలో కొట్టివేసిన మాటలను గీతలతో ఒకదానికొకటి కలిపి, పక్షులుగను, జంతువులుగను, వింతముఖములుగను మార్చుచుండెను. ఆయనకు ఆతిథ్యమిచ్చిన రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆ గీతలలోని అందమును గుర్తించి ప్రోత్సహించెను. కొలది సంవత్సరములలో ఆ గీతలు వ్రాతప్రతిని వీడి వేరు కాగితములపై చిత్రములయ్యెను. నీటిలో కరగు రంగుసిరాలను కుంచెతోను, గుడ్డతోను, వ్రేళ్లతోను పూసి ఆయన చిత్రములు వేసెను. 1930వ సంవత్సరమున పారిస్ నగరములో వాటి ప్రదర్శనము జరిగెను. అప్పటికాయనకు 69 ఏండ్లు. 1941లో మరణించునాటికి ఆయన వేసిన చిత్రములు రెండువేలకు మించెను.

ఏ చిత్రకళాపాఠశాలలోను ఆయన చదువలేదు. ఆయన చిత్రములకు పుట్టినిల్లు కొట్టివేతలు. తప్పని తోచి కొట్టివేసిన చోటనే చిత్రము మొలచెను. సిగ్గుపడి కుంచె విడిచినవారందరును తలపోయదగిన విషయమిది.

ఇంగ్లండు దేశపు రాజనీతిజ్ఞుడు విన్‌స్టన్ చర్చిల్ కథయును ఇట్టిదే. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో, డార్డనెల్స్ దండయాత్ర విఫలమగుటచేత ఆయన నౌకాశాఖాధిపత్యమును కోల్పోయెను. చేయుటకు పని లేక, మనస్సునకు శాంతి లేక, ఆ వేసవిలో ఒక పల్లెయింట నుండగా, తన సోదరుని భార్య నీటిరంగులతో చిత్రము వేయుచుండుట చూచెను. పిల్లల రంగులపెట్టెతో తానును ప్రయత్నించి, తరువాత తైలవర్ణములకు మరలెను. మొదటినాడు తెల్లని వస్త్రఫలకము ముందు నిలిచి, కుంచెతో ఒక చిన్న చుక్క పెట్టుటకే ఆయన వెనుదీసెను. అప్పుడచ్చటికి వచ్చిన లావెరీ యను చిత్రకారుని భార్య, తానును చిత్రకారిణియగుటచే, పెద్దకుంచెను తీసికొని నీలివర్ణములో ముంచి ఫలకముపై ధారాళముగా పూసెను. ఫలకము తిరుగబడి ఎవ్వరిని ఏమియు చేయలేదు. దానితో ఆయన భయము వదలెను. యుద్ధములను నడపిన మనిషియు తెల్లకాగితమును చూచి జంకెనన్నచో, ఎనిమిదవ తరగతి విద్యార్థి జంకుటలో వింతయేమున్నది?

అయితే తిరిగివచ్చు అవకాశము అందరికిని లభింపదు. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావు నీటిరంగుల చిత్రలేఖనమున ఆంధ్రులకు కీర్తి తెచ్చిన మహాకళాకారుడు. ఆ పట్టణపు కళాశాలాధ్యక్షుడును, స్వయముగా చిత్రకారుడును అగు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ బాలుని చేతిలోని శక్తిని గుర్తించి చేరదీసెను. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, దేశమంతయు తిరిగి చిత్రములు వేసి, రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పెను. 1925లో మశూచి సోకి 28వ ఏట మరణించెను. ఆయన చిత్రములు నేటికిని ఆ నగరమునందలి చిత్రశాలలో చూడవచ్చును. ఆయన కాలమును వృథా చేయలేదు గనుకనే అంత కొద్ది ఆయువులో అవి మనకు దక్కినవి. వృద్ధాప్యమున తిరిగి ఆరంభింపవచ్చునన్నది నిజమే. దానిని సాకుగా తీసికొని నేటి పనిని రేపటికి నెట్టరాదు.

ఇక నీటిరంగుల స్వభావమును తెలిసికొందము. రాళ్లనుండియు, మన్నునుండియు, చెట్లనుండియు, రసాయనములనుండియు లభించు రంగును మెత్తని పొడిగా నూరి, తుమ్మజాతి చెట్ల బంకతో కలిపిన యెడల నీటిరంగు తయారగును. త్వరగా పెళుసుబారకుండుటకు తేనెనో గ్లిసరినునో కొంచెము చేర్చుదురు. బంక నీటిలో కరగును. ఆరినపుడు రంగుపొడిని కాగితమునకు అంటించి ఉంచును. 18వ శతాబ్ది చివరిభాగమున ఇంగ్లండులో ఈ రంగులను బిళ్లలుగా చేసి అమ్ముట ఆరంభమయ్యెను. నాటినుండి చిత్రకారుడు రంగులు నూరుకొను శ్రమ లేక, చిన్నపెట్టెను సంచిలో వేసికొని కొండలకును, నదీతీరములకును పోగలిగెను.

తైలవర్ణమునకును నీటిరంగునకును ముఖ్యభేదమొకటి కలదు. తైలవర్ణము దళసరియైనది, క్రిందిపూతను పైపూత కప్పివేయును. తప్పు వచ్చినచో దానిపై మరల వేయవచ్చును. నీటిరంగు పలుచనిది. వెలుగు దానిగుండ పోయి, అడుగున నున్న తెల్లకాగితమును తాకి, తిరిగి మన కంటికి వచ్చును. నీటిరంగుల చిత్రము లోపలినుండి వెలుగుచున్నట్లు కనిపించుటకు ఇదియే కారణము. ఇందు తెలుపురంగు కాగితమే. కావున తెల్లగా నుండవలసిన చోటును మొదటినుండియు విడిచిపెట్టవలెను. లేతరంగులను ముందును, ముదురురంగులను పిమ్మటను వేయవలెను. ఒకమారు చీకటియైన చోట మరల వెలుగు తెచ్చుట కష్టము.

తిరుపతిలో శేషాచలపు పాదమున నున్న కపిలతీర్థము దీనికి చక్కని ఉదాహరణము. వానకాలమున కొండపైనుండి జలపాతము కోనేటిలోనికి దూకును. దానిని చిత్రించువాడు నీటికి తెల్లరంగు పూయడు. ఇరుప్రక్కల నున్న తడిసిన రాతిని, చెట్లను, నీడలను వేయును. నడుమ కాగితమును తాకకుండ విడుచును. చిత్రము పూర్తియైనపుడు ఆ విడిచిన కాగితమే జలపాతమై దూకును. చేసినదానికంటె చేయక విడిచినది చిత్రమును నిలుపుట ఈ కళలోని విశేషము.

నీటిరంగులలో మూడు పద్ధతులు ముఖ్యమైనవి. పలకను కొంచెము వాలుగా నుంచి, కుంచెను నిండుగా రంగునీటితో తడిపి, పైనుండి క్రిందికి ఒకదాని వెంట నొకటిగా అడ్డుగీతలు లాగి సమముగా పూయుట మొదటిది. ఆకాశమునకు ఇది తగును. కాగితమును ముందుగా తడిపి, ఆ తడిపై రంగు వేసి దానంతట దానిని వ్యాపింపనిచ్చుట రెండవది. మేఘములకును, దూరపు కొండలకును ఇది అనుకూలము. దాదాపు పొడిగా నున్న కుంచెతో గరుకు కాగితముపై తేలికగా రాయుట మూడవది. రాళ్లకును, ఎండుగడ్డికిని ఇది పనికివచ్చును.

వీనినెల్ల స్థలమును, కాలమును ఎరిగి వాడవలెను. చల్లని దేశముల పుస్తకములు చెప్పినట్లు తిరుపతి వేసవిలో చేయబోయినచో పని చెడును. ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు మించిన మధ్యాహ్నమున, పూత క్రిందికి దిగులోపలనే పైభాగము ఆరి చారలు పడును. అందుచేత వేసవిలో సూర్యోదయమునకు కొంచెము తరువాతను, సాయంకాలమునను పని చేయుట మేలు. కాగితపు వెనుకవైపును తడిపినచో పూత ఆలస్యముగా ఆరును. ఈశాన్య ఋతుపవనము వీచు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఇందుకు విరుద్ధమైన చిక్కు. పూత ఎంతకును ఆరదు. ఆ దినములలో ఓర్పే సాధనము.

కాగితమును ఎన్నుకొనుటలో శ్రద్ధ వహింపవలెను. పలుచని కాగితము తడి తగులగానే ముడుతలు పడును. చదరపు మీటరునకు 300 గ్రాముల బరువుగల దళసరి కాగితము దీనికి తట్టుకొనును. అది దొరకనిచోట కొంచెము పలుచని కాగితమును తడిపి, బల్లకు నాలుగువైపుల అంటించి ఆరబెట్టి వాడుదురు. రంగులు పెక్కు అక్కరలేదు. పసుపు, ఎరుపు, నీలము అను మూడింటితో పెక్కు రంగులు కలుపవచ్చును. నీడకు నల్లరంగు వేయుట కొత్తవారు చేయు పొరపాటు. చంద్రగిరి కోటలోని రాజమహలును ఎండవేళ చూచినచో గోడల నీడలు నల్లగా నుండవు. ఊదాచాయ కలిసిన నీలముగా నుండును. వెనుకనున్న రాతికొండ ప్రాతఃకాలమున ఒక రంగు, సంధ్యాసమయమున మరియొక రంగు. కోట యెచ్చటనున్నదో అందరును చూతురు; నీడ యే రంగో చూచువాడు చిత్రకారుడు.

చిరకాలమునకు మరల కుంచె పట్టినవాని కష్టమిక్కడనే ఆరంభమగును. వాని కన్ను అనేక సంవత్సరములు లోకమును చూచి పండినది. చేయి మాత్రము తాను విడిచిన నాటి బాలుని చేయియే. మొదటి చిత్రమును చూచుకొనగానే నిరాశ కలుగును. ఈ నిరాశను దాటినవాడే ముందునకు పోవును. దాటుటకు రాజమార్గము లేదు గాని, కొన్ని సులభమైన మెట్లు కలవు.

మొదటి మెట్టు, ఒక్క రంగుతో అయిదు చిన్న చతురస్రములు పూయుట. మొదటిది మిక్కిలి లేతగా, అయిదవది మిక్కిలి ముదురుగా నుండవలెను. నీరెంత, రంగెంత అను లెక్క చేతికి తెలియువరకు దీనిని విడువరాదు. రెండవ మెట్టు, కిటికీ వెలుగులో ఒక్క పండును పెట్టి వేయుట. చిత్తూరు సీమవారికి చిరపరిచితమైన తోతాపురి మామిడి ఇందుకు మిక్కిలి తగినది. దాని కొన చిలుకముక్కువలె వంగియుండును; ఆకుపచ్చ మెల్లగా పసుపులోనికి, పసుపు ఎరుపులోనికి జారును. తడిపై తడి వేయుటను అది నేర్పినట్లు ఏ గురువును నేర్పడు. మూడవ మెట్టు, ఒక్క చోటునే పలుమారులు వేయుట. ఇంటి మిద్దెపైనుండి కనిపించు కొండనో, వీధిమలుపులోని వేపచెట్టునో ఉదయము, సాయంకాలము, మబ్బువేళ, ఎండవేళ వేసి, ప్రతి కాగితము వెనుకను తేదీ వ్రాసి దాచవలెను. చెడినదానిని చింపరాదు. మూడు నెలల తరువాత మొదటిదానిని చివరిదాని ప్రక్కనుంచి చూచినచో, ఎవరి మెప్పును అక్కరలేకయే తన అభివృద్ధి తనకు తెలియును.

ఇంత శ్రమపడి ఈ వయస్సున చిత్రకారులై పేరు పొందుదురా యని కొందరు అడుగుదురు. పేరు పొందవలెనను నియమమేమియు లేదు. ఉదరపోషణకొరకు చేయు పనికి ఫలమును ఇతరులు కొలుతురు. విరామకాలమున చేయు పనికి ఫలము చేయువాని యందే యుండును. గంటసేపు కొండను చూచి చిత్రించినవానికి ఆ కొండ తనదగును. దాని చీలికలు, దాని పొదలు, మేఘపు నీడ దానిపై ప్రాకు తీరు వానికి కంఠస్థమగును. చిత్రము బాగుగా రాకపోయినను ఆ చూపు మిగులును.

ఒక మనుష్యుడే కాదు, ఒక ఊరును విడిచిన కుంచెను మరల చేపట్టగలదని శ్రీకాళహస్తి నిరూపించెను. స్వర్ణముఖీ తీరమున నున్న ఆ పుణ్యక్షేత్రము కలంకారికి పేరు పొందినది. వెదురుపుల్ల కొనకు నూలునో ఉన్నినో చుట్టి చేసిన కలముతో వస్త్రముపై రామాయణ భారత కథలను చిత్రింతురు. కరక్కాయ రసమును పాలను కలిపి అందు వస్త్రమును నానబెట్టి ఆరబెట్టుటచేత రంగు ప్రాకకుండును. చింతపుల్లల బొగ్గుతో మొదట రేఖలు గీయుదురు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపునీటిలో ఊరవేసి నలుపును తీయుదురు. పటికనీరు పూసిన చోట ఎరుపు నిలుచును. మిగిలిన చోట నీటిలో ఉతికినపుడు పోవును. నీటిరంగుల చిత్రమునందు నీరు రంగును మోసికొని వచ్చును. కలంకారియందు అక్కరలేనిదానిని కొనిపోవును. రెండింటను చేసిన తప్పు దిద్దుట కష్టము; రెండింటను ఓర్పే గురువు.

యంత్రపు అచ్చుగుడ్డలు వచ్చిన పిమ్మట ఈ కళ క్షీణించి, 20వ శతాబ్ది మధ్యకాలమునకు దానినెరిగినవారు మిక్కిలి కొలదిమంది మిగిలిరి. 1950ల దశకమున కమలాదేవీ ఛటోపాధ్యాయ మొదలగువారి పూనికచే శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము ఏర్పడెను. జొన్నలగడ్డ లక్ష్మయ్య అచ్చట గురువై యువకులకు విద్య నేర్పెను. ఆయన కుమారుడు గురప్పశెట్టి ఆ విద్యలో ప్రసిద్ధుడై 2008లో పద్మశ్రీ పురస్కారమును అందుకొనెను. ఎరిగిన ఒక్క చేయి మిగిలియుండుటచేతనే పదిచేతులు మరల నేర్వగలిగెను. ఆ ఒక్క చేయియు విడిచినచో ఆ విద్య యేమయ్యెడిది?

తైలవర్ణమునకును నీటిరంగునకును గల మరియొక భేదమును కూడ ఎరుగవలెను. తైలవర్ణము గాలితో కలిసి ఒకమారు గట్టిపడినచో మరల కరగదు. నీటిరంగు బిళ్ల అట్లు కాదు. అటకమీద మూలపడిన పెట్టెలో ఏండ్ల తరబడి ఎండి, దుమ్ము కప్పి, పగుళ్లు పట్టియున్నను, తడికుంచె సోకినచో బంక మరల కరగి రంగు ప్రవహించును. బాల్యమున వాడిన పెట్టెను వృద్ధాప్యమున తెరచినవానికి ఆ పాతరంగే పలుకును.

కావున విద్యార్థులు తమ రంగులపెట్టెను పారవేయరాదు. చదువు పెరుగును, బరువులు పెరుగును, కొంతకాలము అది మూలనుండుటయు తప్పకపోవచ్చును. ఉండనిండు. అయిదు కాళ్ల గుర్రమును నిర్భయముగా గీసిన చేయి ఎక్కడికిని పోలేదు. ఒక గిన్నెడు నీరు, ఒక కాగితము, ఒక అరగంట కాలము చేకూరిన నాడు అది మరల కదలును.